డిలీట్ లాగ్ చూసి మనిషిని దొంగ అనకండి

ఆఫీసు లాప్‌టాప్‌లో ఫైల్ మాయమైతే, ఎవరు తీసేశారో సిస్టమే చెప్పేస్తుందని చాలామంది నమ్ముతారు. మేనేజర్లు, హెచ్ఆర్ వాళ్లు నమ్ముతారు. నిఘా సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు డెమోలో చూపించే డ్యాష్‌బోర్డు ఆ నమ్మకాన్ని ఇంకాస్త పెంచుతుంది. బెంగళూరులో నా ఉద్యోగం ఇలాంటి డెస్క్‌టాప్ ఏజెంట్లు, అంటే ఉద్యోగి మెషిన్‌లో ఉండి జరిగేది గమనించే ప్రోగ్రాంలు, రాయడమే. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ ఫైళ్లు చెరిగిపోవడాన్ని పట్టుకునే కోడ్‌తో రోజంతా కుస్తీ పడుతుంటాను. ఆ అనుభవంతోనే గట్టిగా చెబుతున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్ మనకిచ్చేది ఫలానా ఫోల్డర్‌లోంచి ఫలానా పేరు పోయిందన్న కబురు మాత్రమే. అది మనిషి చేసిన పనా, ఏ ఉద్దేశంతో చేశాడు అన్న సంగతి అందులో ఉండదు. ఉన్నట్టు చూపించే రిపోర్టులు మాత్రం ఉద్యోగుల మెడకు చుట్టుకుంటున్నాయి.

మారతహళ్లిలో పీజీలో ఉండే మా బంధువులమ్మాయి, నాకు చెల్లెలి వరస, వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో ఫ్రంటెండ్ పని (వెబ్‌సైట్‌లో కంటికి కనబడే భాగం రాయడం) చేసేది. వేరేచోట ఆఫర్ వచ్చి రాజీనామా పెట్టింది. నోటీస్ పీరియడ్ ముగుస్తుండగా హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. రాజీనామా తర్వాత మీరు వేల సంఖ్యలో కంపెనీ ఫైళ్లు డిలీట్ చేశారు, సంజాయిషీ ఇవ్వండి, విషయం తేలేదాకా రిలీవింగ్ లెటర్ ఇవ్వం అని. దానికి జతగా ఒక ఎక్సెల్ షీట్. అందులో నాలుగే కాలమ్‌లు: యూజర్, ఫైల్ పాత్, సమయం, చర్య. చర్య కింద పైనుంచి కిందిదాకా డిలీట్ అనే ఉంది, యూజర్ కింద పైనుంచి కిందిదాకా ఆమె పేరే ఉంది.

"అన్నా, నేనేం తీయలేదు. కానీ అన్నిటికీ నా పేరే ఉంది. కొత్త కంపెనీ వాళ్లు లెటర్ అడుగుతున్నారు, ఏం చెప్పాలి?" అంది. ఇంట్లో చెప్పలేదు, నాన్న టెన్షన్ పడతారని.

ఆ ఆదివారం షీట్ ముందేసుకుని కూర్చున్నాం. సమయం ప్రకారం సార్ట్ చేయగానే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడింది. ఒక్కో సెకనులో వందల ఫైళ్లు. మౌస్ పట్టుకున్న చెయ్యి అంత వేగంగా కదలదు. పాత్‌లు చూస్తే ఎక్కువ వరసల్లో నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ పేరే ఉంది. వెబ్ పని తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ప్రాజెక్టుకి కావలసిన బయటి లైబ్రరీలన్నీ దిగేది ఆ ఫోల్డర్‌లోనే. ఓ మోస్తరు ప్రాజెక్టుకి కూడా వేలల్లో ఫైళ్లుంటాయి. ఎన్‌పీఎం సీఐ అన్న కమాండ్ కొడితే, మళ్లీ దించుకునే ముందు అది ఆ ఫోల్డర్ మొత్తాన్ని ఊడ్చేస్తుంది. ఫ్రంటెండ్ డెవలపర్‌కి అది మామూలు పని. అందులో మామూలుగా కంపెనీ సొంత ఫైళ్లుండవు.

ఇంకో గుంపు వరసలు సోర్స్ కోడ్ ఫోల్డర్‌లోవి. హెచ్ఆర్‌కి భయం పుట్టించినవి ఇవే అయ్యుంటాయి. కోడ్ మార్పులన్నిటినీ భద్రపరిచే గిట్ అన్న ప్రోగ్రాం తాను చేసిన పనులు రాసుకునే రిఫ్‌లాగ్ తీసి, ఆ సమయాలను పక్కపక్కన పెట్టి చూశాం. ఆమె బ్రాంచి (అదే కోడ్‌కి పక్కపక్కన నడిచే ఇంకో రూపం) మారిన ప్రతిసారీ షీట్‌లో ఒక గుంపు ఉంది. కొత్త బ్రాంచిలో లేని ఫైళ్లను గిట్ డిస్క్ మీద నుంచి తీసేస్తుంది, తేడా ఉన్నవాటిని తీసేసి మళ్లీ రాస్తుంది. పాత బ్రాంచికి తిరిగి వెళ్తే అన్నీ వచ్చేస్తాయి. షీట్‌లో మాత్రం పోయినట్టే ఉంది, వచ్చినట్టు లేదు. ఎందుకంటే ఆ రిపోర్టు తీసినవాళ్లు డిలీట్ అన్న ఫిల్టర్ పెట్టి తీశారు.

మూడో గుంపు దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. డిజైన్ డాక్యుమెంట్లున్న షేర్డ్ ఫోల్డర్ అది, అందరి లాప్‌టాప్‌లకీ వన్‌డ్రైవ్ ద్వారా సింక్ అవుతుంది, అంటే ఒకచోట మారితే అన్నిచోట్లా మారుతుంది. వేరే ఊళ్లో కూర్చున్న సహోద్యోగి ఎవరో, ఆ ఫైళ్ల క్లౌడ్ కాపీ ఉండే షేర్‌పాయింట్‌లో పాత ఫోల్డర్లు సర్దారు. క్లౌడ్‌లో పోయినవాటిని సింక్ ప్రోగ్రాం ఆమె లాప్‌టాప్‌లోనూ తీసేసింది. ఆ ప్రోగ్రాం ఆమె లాగిన్ కిందే నడుస్తుంది కాబట్టి సిస్టమ్ లెక్కలో తీసింది ఆమే. అదే సమయానికి ఆ టీమ్‌లో అందరి లాప్‌టాప్‌లలోనూ అవే ఫైళ్లు పోయి ఉంటాయి. కానీ రిపోర్టు తీసింది రాజీనామా పెట్టిన అమ్మాయి మీద మాత్రమే.

ప్రోగ్రాం పేరున్న కాలమ్ కూడా ఇవ్వమని ఆమె చేత మెయిల్ పెట్టించాను. ఐటీ వాళ్లు ఆ డేటా తీశాక ఆరోపణ నిలబడలేదు, లెటర్ వచ్చింది. క్షమాపణ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇది ఒక కంపెనీ తెలివితక్కువతనం అనుకుని వదిలేయడానికి లేదు. తప్పు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే కిందికి దిగి చూడాలి.

విండోస్‌లో ఒక ఫోల్డర్ మీద కన్నేసి ఉంచడానికి అందరూ ముందుగా వాడేది రీడ్ డైరెక్టరీ చేంజెస్ అన్న ఏపీఐ, అంటే ప్రోగ్రాంలు విండోస్‌ని సమాచారం అడిగే దారి. మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్‌లో దీని మీదే కట్టిన ఫైల్‌సిస్టమ్‌వాచర్ ఉంది. నాలుగు లైన్లు రాస్తే పని మొదలైపోతుంది. అది ఫైల్ పేరు చెబుతుంది, వచ్చిందా పోయిందా పేరు మారిందా అన్నది చెబుతుంది. ఏ ప్రోగ్రాం చేసింది, ఏ యూజర్ చేశాడు అన్నవి చెప్పదు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టర్‌లో బండి నంబరు రాసి, నడిపిన మనిషి పేరు రాయకపోతే ఎలా ఉంటుందో అలాగ. మరి ఆ షీట్‌లో యూజర్ పేరు ఎక్కడి నుంచి వచ్చింది? చాలా ఏజెంట్లు ఆ సమయానికి లాగిన్ అయి ఉన్నది ఎవరో చూసి, ఆ పేరు తెచ్చి పక్కన అతికిస్తాయి. అక్కడితో ఊహ కాస్తా డేటా అయి కూర్చుంటుంది.

మీ దగ్గర విండోస్ మెషిన్ ఉంటే ఒక పని చేసి చూడండి. ఒక ఫోల్డర్‌కి వాచర్ తగిలించి, అందులో ఉన్న వర్డ్ డాక్యుమెంట్ తెరవండి. తెరవగానే టిల్డ్ (~), డాలర్ గుర్తులతో మొదలయ్యే చిన్న దాపుడు ఫైల్ ఒకటి పుడుతుంది. ఈ డాక్యుమెంట్‌ని ఎవరు తెరిచారో గుర్తుపెట్టుకునే ఫైల్ అది. ఒక అక్షరం కొట్టి సేవ్ చేయండి. వర్డ్ మీ ఫైల్‌లో నేరుగా రాయదు. కొత్త కాపీని ఒక టెంప్ పేరుతో రాస్తుంది, పాతదాన్ని తప్పిస్తుంది, కొత్తదానికి అసలు పేరు పెడుతుంది. డాక్యుమెంట్ మూసేస్తే మొదట పుట్టిన దాపుడు ఫైల్ కూడా పోతుంది. మీరు చేసింది ఒక అక్షరం మార్చడం. వాచర్‌లో ఫైళ్లు పుట్టడాలు, పేర్లు మారడాలు, పోవడాలు బారులు తీరి ఉంటాయి. సగటు ఉద్యోగి రోజుకి ఎన్నిసార్లు కంట్రోల్ ఎస్ కొడతాడో ఆలోచించండి. లినక్స్‌లో విమ్ ఎడిటర్ ఇంకో వింత చేస్తుంది. ఆ ఫోల్డర్‌లో రాయడానికి వీలుందో లేదో చూసుకోవడానికి 4913 అన్న పేరుతో ఒక ఫైల్ పుట్టించి, వెంటనే తీసేస్తుంది. ఈ 4913 ఏమిటో తెలియక తలలు పట్టుకున్న ఆపరేషన్స్ వాళ్లను నేను చూశాను.

వాచర్ సరిపోదని తెలిసిన కంపెనీలు విండోస్ సెక్యూరిటీ ఆడిట్ లాగ్‌కి వెళ్తాయి. ఇది మెరుగే, యూజర్ ఖాతా, ప్రోగ్రాం పేరు రెండూ ఇస్తుంది. కానీ చదవడం చేతకావాలి. 4663 నంబరు ఈవెంట్‌లో (లాగ్‌లో పడే ఒక్కో నమోదు ఒక ఈవెంట్) డిలీట్ అన్న యాక్సెస్ కనబడగానే ఫైల్ పోయిందని రాసేసుకుంటారు. విండోస్‌లో ఫైల్ పేరు మార్చడానికి కూడా అదే డిలీట్ అనుమతి కావాలి. అంటే పేరు మార్చినా అదే వరస పడుతుంది. నిజంగా చెరిగినప్పుడు 4660 అన్న ఇంకో ఈవెంట్ వస్తుంది, అందులో ఫైల్ పేరు ఉండదు, ఫైల్‌ని తెరిచినప్పుడు సిస్టమ్ ఇచ్చిన హ్యాండిల్ నంబరు మాత్రమే ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని రెండు ఈవెంట్లనూ జతపరిస్తే తప్ప ఏ ఫైల్ పోయిందో తేలదు. ఈ జతపరచడం మానేసి, మొదటిదాన్ని మాత్రమే లెక్కపెట్టిన రిపోర్టులు నా కళ్లారా చూశాను.

రీసైకిల్ బిన్ సంగతీ చెప్పాలి. ఫైల్‌ని అందులో పడేయడం అంటే అదే డ్రైవ్‌లో ఇంకో చోటికి పేరు మార్చి జరపడమే. ఫైల్ ఒక కొత్త పేరుతో బిన్‌లో కూర్చుంటుంది, దాని అసలు చోటు, పడేసిన సమయం పక్కన ఇంకో చిన్న ఫైల్‌లో ఉంటాయి. ఫోల్డర్ మీద కన్నేసిన వాచర్‌కి మాత్రం ఫైల్ గడప దాటగానే పోయినట్టే.

మరి నిజమైన డిలీట్ ఎలా జరుగుతుంది? విండోస్‌లో అది రెండంచెల పని. ముందు ఫైల్ మీద "దీన్ని తీసేయాలి" అన్న గుర్తు పడుతుంది. ఆ ఫైల్‌ని తెరిచిపెట్టుకున్న చివరి ప్రోగ్రాం కూడా వదిలాక అది పోతుంది. మధ్యలో ఆ గుర్తును వెనక్కి తీసుకోవచ్చు, అప్పుడు ఫైల్ ఎక్కడికీ పోదు. ఇదికాక, మూసేయగానే చెరిగిపోవాలన్న షరతుతోనే ఫైల్ తెరిచే దారి ఇంకొకటి ఉంది. విండోస్ 10 1607 వెర్షన్ నుంచి యూనిక్స్ తరహాలో పేరును వెంటనే తీసేసే పద్ధతి కూడా వచ్చి చేరింది. ఫైల్ సిస్టమ్ పక్కనే కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, కూర్చుని ఫైళ్ల మీద జరిగే పనులు చూసే మినీఫిల్టర్ డ్రైవర్ ఈ దారులన్నిటినీ కనిపెట్టుకుని ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే డ్రైవర్ నమూనాల్లో డిలీట్‌ని పట్టుకునే మినీఫిల్టర్ ఒకటి ప్రత్యేకంగా ఉంది. ఆ కోడ్ ఒకసారి చదివితే చాలు, "డిలీట్ అయింది" అని చెప్పడానికి ఎన్ని జాగ్రత్తలు కావాలో అర్థమవుతుంది. గుర్తు పడిన క్షణానే లెక్కలో రాసేసుకునే ఏజెంటు, పోని ఫైల్‌ని కూడా పోయినట్టు చెబుతుంది.

ఇక తప్పిపోయేవి. ఫైల్‌సిస్టమ్‌వాచర్‌కి మామూలుగా ఇచ్చే బఫర్ (కబుర్లు కాసేపు నిలవుండే చోటు) 8 కిలోబైట్లు. యాభై అక్షరాల పాత్‌లయితే డెబ్బై చిల్లర ఈవెంట్లకే నిండిపోతుంది. నిండితే అందులోవన్నీ పోతాయి, ఒక ఎర్రర్ మాత్రం వస్తుంది. ఆ ఎర్రర్‌ని వినే కోడ్ రాయకపోతే పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు. లినక్స్‌లో ఇదే పని చేసే ఐనోటిఫైదీ అదే కథ. 16,384 ఈవెంట్ల క్యూ నిండితే పొంగిపోయిందన్న ఒక్క కబురు వస్తుంది, అంతే. పైగా ఐనోటిఫై ఏ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) చేసిందో చెప్పదు. లినక్స్‌లోనే ఉన్న ఇంకో సదుపాయం ఫ్యాన్‌నోటిఫై చెబుతుంది గానీ, డిలీట్‌లను పట్టుకోవడం దానికి 2019లో వచ్చిన 5.1 కెర్నెల్‌తోనే వచ్చింది. మాక్‌లో ఎఫ్‌ఎస్‌ఈవెంట్స్ చాలా మార్పులను కలిపి ఒకే కబురుగా ఇవ్వగలదు. పుట్టింది, పేరు మారింది, పోయింది అన్న మూడు గుర్తులూ ఒకే ఫైల్‌కి ఒకేసారి రావచ్చు, ఏది ముందో ఏది వెనకో తేలదు. 2019లో కాటలినాతో వచ్చిన ఎండ్‌పాయింట్ సెక్యూరిటీ ఫ్రేమ్‌వర్క్ వీటన్నిటికన్నా నయం, ప్రాసెస్ వివరాలతో సహా ఇస్తుంది. దానికి ఆపిల్ ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి.

తప్పు కేసులు పడటం ఒక ఎత్తయితే, అసలు నష్టం కంటబడకపోవడం ఇంకో ఎత్తు. కడుపుమంటతో వెళ్లిపోయేవాడు ఫైల్‌ని డిలీటే చేయాలని లేదు. వర్డ్‌లా కాకుండా నేరుగా ఫైల్‌లోనే రాసే ప్రోగ్రాంతో తెరిచి, లోపల ఉన్నదంతా చెరిపి, ఖాళీగా సేవ్ చేస్తే ఫైల్ పేరు అక్కడే ఉంటుంది, డిలీట్ లాగ్‌లో వరస పడదు. ఇంకో ఫైల్‌ని దీని పేరు మీదకి తెచ్చి పెడితే పాతది పోతుంది, అక్కడా డిలీట్ అన్న పిలుపు ఉండదు. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ చాలాసార్లు చేసేది ఇలాంటిదే. అంటే ఎన్‌పీఎం కమాండ్ కొట్టిన అమ్మాయి షీట్‌కెక్కుతుంది, తెలిసి నాశనం చేసినవాడు ఎక్కడు.

నిఘా అసలు వద్దని నేననను. ఏళ్ల తరబడి టీమ్ కట్టుకున్న డాక్యుమెంట్లను పోతూ పోతూ తుడిచేసినవాళ్లు ఉన్నారు, ఆ నష్టం మిగిలినవాళ్ల మీద పడుతుంది. కంపెనీకి తన డేటా కాపాడుకునే హక్కు చట్టమే ఇచ్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఉద్యోగ అవసరాలకీ, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడానికీ ఉద్యోగి సమ్మతి లేకుండానే డేటా వాడుకోనిస్తుంది. అదే చట్టం ఎనిమిదో సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది. ఒక మనిషి గురించి నిర్ణయం తీసుకోవడానికి వాడే డేటా పూర్తిగా, సరిగ్గా ఉండేలా చూడాల్సిన బాధ్యత కంపెనీదే. దీని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. నాలుగు కాలమ్‌ల షీట్ "పూర్తిగా, సరిగ్గా" అన్న పరీక్షకి ఎలా నిలుస్తుందో ఆ కంపెనీల లీగల్ వాళ్లు ఇప్పుడే ఆలోచించుకుంటే మంచిది.

ఐటీ చట్టం చూడండి. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోని సమాచారాన్ని చెరిపేయడం 43వ సెక్షన్ కింద తప్పు. అది జైలుదాకా పోయే నేరం కావాలంటే 66వ సెక్షన్ ప్రకారం మోసబుద్ధితోనో, అక్రమ ఉద్దేశంతోనో చేసి ఉండాలి. మూడేళ్ల వరకు జైలు పడగల నేరానికి చట్టం ఉద్దేశాన్ని అడుగుతుంటే, హెచ్ఆర్ మెయిల్ ఆ ఉద్దేశాన్ని ఎక్సెల్ వరసలోంచి తవ్వి తీస్తోంది. అలాంటి రికార్డు కోర్టుకి వెళ్లాలంటే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద హ్యాష్ విలువతో (రికార్డు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటిది) కూడిన సర్టిఫికెట్ ఇవ్వాలి. కోర్టు దాకా వెళ్లని ఆఫీసు విచారణలో ఇవేవీ ఎవరూ అడగరు, దెబ్బ మాత్రం అక్కడే తగులుతుంది. కర్ణాటకలో ఐటీ కంపెనీలకు, ఉద్యోగ షరతులు, క్రమశిక్షణ నియమాలు రాతలో పెట్టాలనే స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం నుంచి ఏళ్ల తరబడి మినహాయింపు ఇస్తూ వచ్చారు. ఆ మినహాయింపు షరతుల్లో ఉద్యోగుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలన్నది ఒకటిగా ఉండేది. అలాంటి కమిటీ ఒకటుందని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

అయితే అందరం కెర్నెల్ డ్రైవర్ రాసేద్దాం అంటే అదీ సులువు కాదు. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ మెషిన్లు పడిపోయాయి, మన ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కెర్నెల్‌లో కూర్చున్న కోడ్ తప్పు చేస్తే మెషిన్ మొత్తం కూలుతుంది. చిన్న కంపెనీలకి నేను చెప్పేది సొంత డ్రైవర్ జోలికి పోవద్దని. మెషిన్‌లో జరిగేవి లాగ్‌లో రాసే మైక్రోసాఫ్ట్ వారి సిస్‌మాన్ ఉచితంగా దొరుకుతుంది. 2020లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి అది డిలీట్‌ని 23 నంబరు ఈవెంట్‌గా రాస్తుంది, ఏ ప్రోగ్రాం చేసిందో రాస్తుంది, చెరిగే ఫైల్ కాపీని ఆర్కైవ్ ఫోల్డర్‌లో దాస్తుంది. నాకు దీంట్లో నచ్చింది ఆ కాపీయే. ఏం పోయిందో కళ్లతో చూడొచ్చు, అక్కరకొచ్చేదైతే తిరిగి తెచ్చుకోవచ్చు. పోయింది తిరిగొచ్చాక సగం గొడవలు ఆరోపణ దాకా రావు.

ఏజెంటు రాసేవాళ్లకి నా మాట ఇది. పోయిన పేరుతోనే కొన్ని సెకన్లలో ఫైల్ మళ్లీ పుడితే దాన్ని సేవ్ అనుకోండి, డిలీట్ లెక్కలో వేయకండి. సింక్ ప్రోగ్రాం తీసినవాటిని విడిగా చూపించండి. బఫర్ పొంగి ఈవెంట్లు తప్పిపోయిన చోట రిపోర్టులో ఖాళీ ఉందని స్పష్టంగా రాయండి, అతుకులేని రికార్డులా కనబడనివ్వకండి. యూజర్ అన్న కాలమ్‌లో లాగిన్ పేరు పెడుతుంటే, పక్కన ప్రోగ్రాం పేరు లేకుండా ఆ వరస బయటికి పోకూడదు. ఎగుమతి బటన్ కింద ఫిల్టర్ పెట్టి డిలీట్‌లు మాత్రమే తీయనిచ్చే వెసులుబాటును మా టీమ్‌లో నేను పట్టుబట్టి తీయించాను. పోయినవాటితో పాటు వచ్చినవీ, పేర్లు మారినవీ అన్నీ కలిసే వెళ్తాయి. షీట్ పొడవైపోతోందని సేల్స్ వాళ్లు గొణిగారు. గొణగనివ్వండి.

ఇలాంటి మెయిల్ మీకు గనక వస్తే కంగారులో ఒప్పుకోలు రాయొద్దు, కోపంలో పెద్ద పెద్ద జవాబులూ రాయొద్దు. ప్రతి వరసకీ ప్రోగ్రాం పేరు, దాన్ని నడిపిన పేరెంట్ ప్రాసెస్, అదే రోజు ఫైళ్లు పుట్టిన, పేర్లు మారిన రికార్డులు, ఏజెంటు ఎర్రర్ లాగ్, ముడి డేటా హ్యాష్, ఇవన్నీ రాతపూర్వకంగా అడగండి. షేర్డ్ ఫోల్డర్లయితే టీమ్‌లో మిగిలినవాళ్ల లాప్‌టాప్‌లలో అదే సమయానికి ఏం జరిగిందో కూడా తీయమనండి. లాప్‌టాప్ కంపెనీకి తిరిగి ఇచ్చేలోపే ఈ మెయిల్ వెళ్లాలి, మెషిన్‌ని తుడవకుండా ఉంచమన్న మాట అందులో ఉండాలి. ఒకసారి చేతికిచ్చాక ఐటీ వాళ్లు మామూలుగానే ఫార్మాట్ కొట్టి ఇంకొకరికి ఇచ్చేస్తారు. మీ గిట్ రిఫ్‌లాగ్, రీసైకిల్ బిన్, విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైళ్ల మార్పులను తనకు తాను రాసుకునే యూఎస్ఎన్ జర్నల్, అన్నీ దాంతోపాటే పోతాయి. మీ పక్షాన మాట్లాడగలిగేవి అవే.